దివిసీమ రేవులు: మంచినీటి హక్కు చరిత్ర

కృష్ణానది పులిగడ్డవద్ద రెండు పాయలుగా చీలును. తూర్పుపాయ హంసలదీవివద్ద సముద్రమున గలియును. పెద్దపాయ నాగాయలంకను ఒరసికొనిపోయి, దిగువన ఎదురుమొండి మున్నగు దీవులను చుట్టుకొని సాగరమును చేరును. ఈ రెండు పాయలకును కడలికిని నడుమనున్న నేలయే దివిసీమ. చుట్టును నీరే. అయినను ఈ సీమలో భూమిని త్రవ్విన త్రాగుటకు యోగ్యమైన నీరు పడుట అరుదు. ఇసుకదిబ్బలలో దొరువులు తీసినచోట వాననీరు కొంతకాలము తేటగా నిలుచును. వర్షజలము ఉప్పునీటికన్న తేలిక గనుక, దానిపై పలుచని పొరవలె తేలుచుండును. అవసరమునకు మించి తోడిన, అడుగునుండి ఉప్పు లేచివచ్చును. వేసవి ముదిరినకొలది ఆ దొరువులును నమ్మదగినవి కావు.

అందుచేత ఈ ప్రాంతమున గ్రామజీవనమంతయు మంచినీళ్ళ చెరువుపై ఆధారపడినది. కాలువలు పారు దినములలో చెరువు నింపుకొని, కాలువలు కట్టివేసిన పిమ్మట ఆ నీటితోనే ఎండకాలమును గడుపుదురు. ఊరికి చెరువెట్టిదో, చెరువునకు రేవెట్టిదో అట్టిది. ఆ రేవున కడవ ముంచు హక్కు ఎవరికుండెను, ఎవరికి లేకుండెను, లేనివారు దానిని ఎట్లు సాధించిరి అనునదే నేటి ప్రసంగవిషయము. ఆనకట్టల చరిత్ర వ్రాసినవారు ఎకరములను లెక్కపెట్టిరి. టన్నుల ధాన్యమును లెక్కపెట్టిరి. కడవలను లెక్కపెట్టినవారు తక్కువ.

ముందుగా నీరు వచ్చిన విధమును జ్ఞప్తికి దెచ్చుకొందము. 1832, 33 సంవత్సరముల కరవు కృష్ణకు ఇరువైపుల నున్న మండలములను పాడుపెట్టినది. కాటను దొర పథకము ననుసరించి బెజవాడవద్ద 1852లో ఆనకట్టపని మొదలై, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855 నాటికి పూర్తియైనది. కాలువలు బందరు వైపునకును, గుడివాడ వైపునకును సాగినవి. దివిసీమ మాత్రము నదీపాయకు ఆవలనుండుటచే ఈ భాగ్యము వెంటనే దానికి దక్కలేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములో డీసెలు యంత్రములతో నదీజలమును ఎత్తి దీవికి అందించు పథకమొకటి నడిపిరి. ఆనాటికది పెద్ద వింత. 1930వ దశకమున పులిగడ్డవద్ద పాయమీదుగా అక్విడక్టు కట్టి, నదిని దాటించి నదీజలమునే ఆవలి గట్టునకు పంపిరి. అటుపిమ్మట దివిసీమ మాగాణి భూమియైనది.

కాలువనీరు సర్కారువారిది. దానికి పన్నుగలదు గాని కులము లేదు. శాసనము ప్రకారము ఇది సత్యము. కాని కాలువగట్టు దిగి ఊరి చెరువులో ప్రవేశించిన క్షణముననే ఆ నీరు ఊరివారి ఆచారమునకు లోబడుచుండెను. చెరువు త్రవ్వినది మాలపల్లె, మాదిగగూడెముల కూలీలు. పూడిక తీసినది వారు. గండి పడినపుడు అర్ధరాత్రి తాటిమట్టలతో, మట్టితట్టలతో పరుగెత్తినది వారు. నీరు నిండిన తరువాత ఆ గట్టు నెక్కరానివారును వారే. కుండ క్రిందబెట్టి దూరముగా నిలువబడి, పైకులపు మనిషి యెవరైన దయతలచి చేదతో పోయువరకు వేచియుండవలెను. పొలముపనుల దినములలో పూట పోయిన కూలి పోవును. కావున చాలమంది మురుగుకాలువ నీటినో, పశువులు దిగు కుంటనో ఆశ్రయించుచుండిరి. కలరా వచ్చినపుడు ముందుగా ఏ గుడిసెలలో ఏడుపు వినబడెడిదో వేరుగా చెప్పనక్కరలేదు.

రికార్డింగు యంత్రమును మోసికొని పల్లెలు తిరుగు మావంటివారు ఎరిగిన సంగతి యొకటి కలదు. ఊరి చరిత్ర చెప్పుడని అడిగినచో పురుషులు గుడికథ మొదలుపెట్టుదురు. స్త్రీలు చెరువు కథ చెప్పుదురు. నీళ్ళు మోసినది వారే కదా!

ఈ దుఃస్థితిపై ఆంధ్రదేశమున తొలుత సంఘటితముగా గొంతెత్తిన సభ, బెజవాడలో 1917 నవంబరు 4, 5, 6 తేదీలలో జరిగిన పంచమ మహాజనసభ. దానిని సమకూర్చుటలో గుడివాడ వాస్తవ్యులైన గూడూరు రామచంద్రరావుగారు ముఖ్యులు. ఆయన బ్రాహ్మణుడు. గుడివాడలో సేవాశ్రమమును స్థాపించి, పంచముల విద్యకై పాటుపడుచుండిన వారు. అధ్యక్షత వహించుటకు హైదరాబాదునుండి మాదరి భాగ్యరెడ్డివర్మగారు వచ్చిరి. 1906లో జగన్మిత్ర మండలిని నెలకొల్పి, హరికథల మూలమునను, ఉపన్యాసముల మూలమునను తనవారిని మేల్కొలిపిన వ్యక్తి ఆయన. పంచములను మాట యే పురాణమునందును లేదనియు, ఈ దేశపు తొలి నివాసులు తామే గనుక ఆదిఆంధ్రులని తమను పిలువవలెననియు ఆయన సభలో వాదించెను. పంచమసభగా ప్రారంభమైనది ఆదిఆంధ్ర సభగా ముగిసినది. ఆ దినములలో బెజవాడ కనకదుర్గ గుడి తలుపులు మూసివేసిరి. సభకు వచ్చినవారు కొండ నెక్కుదురేమో యని అధికారుల భయము!

ఆ సభ కోరికలలో చదువు, బంజరుభూమి, స్థానికసంస్థలలో సభ్యత్వము ఉన్నవి. వానితోపాటు పల్లెలలో బావులు త్రవ్వించవలెనను కోరికయు నున్నది. గుడిప్రవేశము గూర్చి పట్టణములలో వాదములు చెలరేగుచుండగా, పల్లెటూరి మనిషి అడిగినది బావి. ఈ భేదమును చరిత్రకారులు ఇంకను నిదానముగా పరిశీలింపవలసి యున్నది. గుడికి పోకున్న నేడు గడచును. నీరు లేకున్న గడవదు.

ఐతే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. బావి యనగా ఏ బావి? పల్లెకు వేరుగా త్రవ్వించిన క్రొత్తబావియా, ఊరందరును వాడు పాతబావియా? 1920 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము ఏర్పరచిన లేబరుశాఖ వేరుబావుల మార్గమును ఎన్నుకొన్నది. ఇండ్లస్థలములు కొని యిచ్చుట, బావులు త్రవ్వించుట దాని పనులలో ముఖ్యమైనవి. దాహము తీర్చవలెనన్న తొందరలో ఇది సులభోపాయము. ఊరివారికి కోపము రాదు. ఉద్యోగికి చిక్కులేదు. కాని వేరుబావి త్రవ్వించిన మరుక్షణమునుండి ‘మీకొక బావి యున్నది కదా, మా చెరువున మీకేమి పని?’ అని అడుగుటకు ఊరికి న్యాయమైన సాకు దొరకెను. పైగా దివిసీమవంటి చోట వేరుబావి యనగా ఉప్పుబావి. తీయని నీరున్నది చెరువులోనే. గట్టినేల గల తాలూకాలలో కొంత ఉపశమనమిచ్చిన విధానము సముద్రపుటంచున దాదాపు నిష్ప్రయోజనమైనదని నా అభిప్రాయము.

రెండవ మార్గము, అనగా ఉన్న చెరువునే అందరిదిగా చేయుట, శాసనసభలో మొదట వినబడినది 1924లో. రెట్టమలై శ్రీనివాసన్‌గారు మద్రాసు శాసనమండలిలో పెట్టిన తీర్మానము ననుసరించి, సర్కారు వీథులు, బావులు, చెరువులు ఎల్లరకును తెరచియుండవలెనని ప్రభుత్వము ఆ సంవత్సరమే ఉత్తరువు చేసెను. కాని ఉత్తరువు మద్రాసులో నున్నది, రేవు దివితాలూకాలో నున్నది. రెంటినడుమ మునసబు, కరణములుండిరి.

ఇట్టి ఉత్తరువునే చేతబట్టుకొని బొంబాయి రాష్ట్రమున మహాడ్ పట్టణమందు 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేద్కరుగారు వేలమందితో చవదార్ చెరువునకు నడచి దోసిలితో నీరు త్రాగిరి. ఆ చెరువు తమ సొంతమని పైకులములవారు వేసిన దావా పది సంవత్సరములు నడచి, 1937లో బొంబాయి హైకోర్టున అంబేద్కరుగారి పక్షమున తేలినది. ఒక్క దోసెడు నీటికి పది సంవత్సరముల వ్యాజ్యము! కృష్ణాతీరమున మహాడ్ వంటి మహాఘట్టము కనబడదు. ఇచ్చటి కథ చిన్నచిన్న సంఘటనల గొలుసు. ఒక ఊరిలో ఒక యువకుడు గట్టు నెక్కుట, దెబ్బలు తినుట, కూలికి పిలువకుండుట, తుదకు రాజీపడుట. పత్రికలకెక్కని ఆ పేర్లను ఏ గ్రంథాలయమును భద్రపరుపలేదు.

పత్రికలకెక్కిన ప్రయత్నములును కొన్ని ఉన్నవి. 1933 డిసెంబరులో గాంధీమహాత్ముడు హరిజనయాత్రలో భాగముగా కృష్ణాజిల్లాకు వచ్చినపుడు అనేక గ్రామములలో ఈ విషయము చర్చకు వచ్చెను. అటుపిమ్మట బందరు హిందూకళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచుండిన గోపరాజు రామచంద్రరావుగారు ఉద్యోగమును వదలి, 1940లో ముదునూరు గ్రామమున నాస్తికకేంద్రమును స్థాపించిరి. గోరా యనిన ఎల్లరెరుగుదురు. ఆయన దేవుని గూర్చి ఏమి చెప్పెనో దానిని ఒప్పుకొనినవారు కొందరే. కాని కులముల నెంచక సహపంక్తి భోజనములు ఏర్పాటు చేసి, ఒకే కుండనీరు అందరిచేత త్రాగించిన పని మాత్రము దేవుని నమ్మినవారిని సైతము ఆలోచింపజేసెను. 1948లో తన కుమార్తెను హరిజన యువకున కిచ్చి సేవాగ్రామమున వివాహము జరిపించిరి. ఆయన చెప్పినదానికిని చేసినదానికిని ఎడము లేదు.

ఇదే కృష్ణాజిల్లానుండి పైకివచ్చిన వేముల కూర్మయ్యగారు 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున మంత్రియైరి. చెరువుగట్టున నిలువరాని కులమునుండి మంత్రిపదవివరకు నడచిన ఈ దారి ఎంత పొడవైనదో మద్రాసు నగరమునుండి చూచిన కనబడదు.

దివితాలూకాలో మాత్రము నీటిసమస్య భూమిసమస్యతో ముడివడియుండెను. చల్లపల్లి జమీందారీ ఈ సీమలో విస్తరించియున్నది. కూలివాని గుడిసె నిలిచిన స్థలము, అతడు దున్నిన చేను, అతని దారి, అతని రేవు అన్నియు ఎస్టేటు ఛాయలోనివే. నీటికై ఎదురుతిరిగిన వాని గుడిసె మరునాడు ఉండునను నమ్మకము లేదు. కనుక వ్యవసాయకార్మిక సంఘములు కట్టిన కమ్యూనిస్టు నాయకులు కూలిరేటు, బంజరుభూమి, గౌరవము ఈ మూడింటిని కలిపి అడిగిరి. వారిలో దళితకులమునుండి వచ్చిన గుంటూరు బాపనయ్యగారి పేరు దివిసీమ కూలీలలో నేటికిని నిలిచియున్నది. ఎస్టేటు భూములకై జరిగిన పోరాటములలో ముందునిలిచి, పిమ్మట నిడుమోలు నియోజకవర్గమునుండి శాసనసభ్యులుగా ఎన్నికైనవారు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము జమీందారీని తీసివేసినది. దాని నీడను తీసివేయుటకు ఇంకను చాలకాలము పట్టినది.

చట్టములను ఒకచోట చెప్పివేయుదము. ఎం.సి. రాజాగారి చొరవచే 1938లో మద్రాసు శాసనసభ పౌర అనర్హతల నివారణకు చట్టము చేసెను. 1950లో అమలునకు వచ్చిన భారతరాజ్యాంగము పదిహేనవ అధికరణమున బావులు, చెరువులు, స్నానఘట్టములు అను మాటలను పేరుపేరున చెప్పినది. ఇంత పెద్ద రాజ్యాంగమున స్నానపు రేవునకు చోటు దొరకుటకు కారణమేమో, పైన చెప్పిన కథ విన్నవారికి తెలియును. పదిహేడవ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. దానిని సవరించి, పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరుమార్చి 1976 నవంబరు 19వ తేదీనుండి అమలుచేసిరి.

సరిగా ఏడాదికి, 1977 నవంబరు 19న, ఉప్పెన వచ్చినది.

ఆ రాత్రిని గూర్చి దివిసీమవారికి నేను చెప్పవలసినదేమియు లేదు. సముద్రము పదునైదడుగులకు మించిన గోడవలె లేచి మైళ్ళకొలది లోపలికి వచ్చినది. అధికారుల లెక్కయే పదివేలమంది మృతులని చెప్పినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మున్నగు తీరగ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. చనిపోయినవారిలో పల్లపునేలలో గుడిసెలు వేసికొనిన కూలీలు, జాలరులు అధికము. మిట్టనేల ఎవరిది, పల్లమెవరిది అను ప్రశ్నకు సముద్రమే ఆ రాత్రి సమాధానము వ్రాసినది. బ్రతికినవారిని మరుసటి ఉదయమున పట్టుకొన్నది దాహము. చెరువులన్నియు ఉప్పునీటితో, కళేబరములతో నిండియుండెను. కడవ ముంచుటకు ఏ కులపు రేవును మిగులలేదు. వానిని తోడించి, కాలువనీటితో కడిగి, మరల నింపవలసి వచ్చెను. బందరు ప్రజలకు 1864 నవంబరు గాలివాన ఇట్టి పాఠమునే చెప్పియుండెను. ముప్పదివేలమంది పోయిన ఆ ఉపద్రవము తరువాతను ఉప్పెక్కిన బావులే బ్రతికినవారిని బాధించినవి. నూటపదమూడు సంవత్సరములలో ఆ పాఠమును మరచితిమి.

పునరావాసకార్యమున అవనిగడ్డకు చెందిన మండలి వేంకటకృష్ణారావుగారి సేవ గణనీయమైనది. దేశవిదేశముల సేవాసంస్థలను దివిసీమకు రప్పించి, పక్కా ఇండ్లు, తుపాను ఆశ్రయములు కట్టించుటలో ఆయన పాత్ర పెద్దది. ‘దివిసీమ గాంధీ’ యని ప్రజలు ఊరక పిలువలేదు. ఉప్పెన తరువాతి గ్రామములలో వీధికుళాయి, ఎత్తయిన నీటిట్యాంకు వచ్చుటతో పాత రేవు ప్రాముఖ్యము కొంత తగ్గినది. చట్టములు చేయలేని పనిని గొట్టములు కొంత చేసినవనవచ్చును.

కాని గొట్టములు అన్ని ఊళ్ళకును ఒకేసారి పోలేదు. నది కావలి గట్టున, అప్పటి ప్రకాశంజిల్లా కారంచేడులో 1985 జులై నెలలో జరిగినది మరువరానిది. దళితులు త్రాగు చెరువువద్ద పైకులపు యువకుడొకడు పశువును కడిగి ఆ మురికిని నీటిలో కలియనిచ్చుచుండగా, ఒక దళిత యువకుడును, నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీయును అడ్డుచెప్పిరి. ఆమె బిందె ఎత్తి తన్ను తాను కాపాడుకొన్నది. మరునాడు, 17వ తేదీన, మాదిగపల్లెపై దాడిచేసి ఆరుగురిని చంపిరి. స్త్రీలపై అత్యాచారములు జరిగినవి. పల్లెజనము చీరాలకు తరలివచ్చి శిబిరమున తలదాచుకొనిరి. ఆ శిబిరమునుండియే దళితమహాసభ పుట్టినది. న్యాయవాది, కవి బొజ్జా తారకంగారు అధ్యక్షులు, సంస్కృతోపన్యాసకులు కత్తి పద్మారావుగారు కార్యదర్శి. ఊరికి తిరిగిపోమని వారు నిశ్చయించుకొనుట నాకెప్పుడును ఆశ్చర్యముగా తోచును. సొంతయిల్లు వదలి, చీరాలలో క్రొత్త కాలనీ కట్టుకొని నిలిచిరి. నీరు మాత్రమే కావలసియుండిన ప్రభుత్వమువారు లారీలతో పంపగలిగియుందురు. వ్యాజ్యము సుప్రీంకోర్టున 2008 డిసెంబరులో ముగిసినది. ప్రధాన ముద్దాయికి యావజ్జీవశిక్ష, మరికొందరికి తక్కువ శిక్షలు పడినవి. ఇరువదిమూడు సంవత్సరములు.

1917 నాటి కోరికకును 1985 నాటి తగవునకును ఒక భేదమున్నది. తొలుత అడిగినది ‘మమ్ము నీరు ముంచుకొననిండు’ అని. తరువాత అడిగినది ‘మా నీటిని పాడుచేయకుడు’ అని. 1989లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము ఈ రెండవ మాటను శాసనములో చేర్చినది. వారు వాడుకొను చెరువు, ఊట మున్నగువాని నీటిని బుద్ధిపూర్వకముగా చెడగొట్టుట నేరము. ఆ వాక్యమును చదువునపుడు కారంచేడు బిందె గుర్తుకు రాక మానదు.

ఇటీవలి నలువది సంవత్సరములలో దివిసీమ నీటిని చెడగొట్టుచున్నది పశువు కాదు, రొయ్య. 1990వ దశకమునుండి వరిచేలు త్రవ్వి, ఉప్పుటేరులనుండి నీరు తోడి రొయ్యలచెరువులు కట్టిరి. ఆ నీరు గట్టుక్రిందనుండి ఊరి ప్రక్కచేలలోనికిని, మంచినీళ్ళ చెరువులోనికిని ఊరును. చెరువుల యజమానికి ట్యాంకరునీరు కొనుశక్తి యున్నది. పల్లెలోని కూలికి లేదు. తమిళదేశపు సర్వోదయ నాయకులు జగన్నాథన్‌గారు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యలచెరువులపై కఠినమైన తీర్పు చెప్పినది. తీర్పు తరువాతను పెంపకము ఆగలేదు. విదేశద్రవ్యము తెచ్చు పంట కదా!

పైనుండి వచ్చు నీటికథ వేరొకటి. 1957లో ప్రకాశం బారేజి పాత ఆనకట్ట స్థానమున నిలిచినది. ఎగువన పెద్ద జలాశయములు కట్టినకొలది, కరవు సంవత్సరములలో శివారు ఆయకట్టునకు నీరు ఆలస్యమగుచు వచ్చెను. 2015లో పట్టిసీమనుండి గోదావరి జలమును కృష్ణలోనికి తెచ్చిన పిమ్మట కొంత ఊరట కలిగినది. కాలువ తలవద్ద తూము ఎత్తిన చేయి వేరు, చివర నాగాయలంకలో ఎదురుచూచు కన్ను వేరు. నదిలో మంచినీటి ఒరవడి తగ్గినపుడు పోటునీరు పాయవెంట పైకెక్కును. అప్పుడు రేవున నున్నది నదియా, సముద్రమా అని నాలుకతో చూచి తెలిసికొనవలసినదే.

కాలువ పాలనను ప్రజలకే అప్పగించుటకు 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నీటివినియోగదారుల సంఘముల చట్టము చేసినది. రైతులెన్నుకొన్న సంఘములు కాలువమరమ్మతులు, వంతులు చూచుకొనవలెను. మంచి ఆలోచనయే. అయితే ఆ సంఘములలో ఓటు ఆయకట్టున భూమి సాగుచేయువారికే. కాలువనీటిని త్రాగుటకు, పశువులకు, బట్టలుతుకుటకు వాడుకొను తక్కినవారు సభ్యులు కావచ్చును గాని ఓటు వేయరాదు. భూమిలేని కూలి, ఇంటిపేర పట్టాలేని స్త్రీ ఈ తెగలోనివారు. వేసవిలో కాలువ కట్టివేయుటకు ముందు ఊరి చెరువు నింపవలసిన దినమును నిర్ణయించునపుడు వారు గట్టుమీద నిలువవచ్చును, మాట్లాడవచ్చును. చేయి ఎత్తి లెక్కలోనికి వచ్చు హక్కు మాత్రము ఆ చట్టము వారికి ఈయలేదు.